బుద్ధదంతం, కూటశాసనం: ప్రచురణ నీతికి ఫ్యూరర్ ఉదంతం చెప్పే పాఠం

1898కి ముందు సుమారు రెండేళ్లపాటు ఒక బర్మా భిక్షువుకూ, నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో పనిచేస్తున్న ఒక పురావస్తు శాఖాధికారికీ మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. భిక్షువు పేరు ఊ మా. అధికారి జర్మనీలో పుట్టి, బొంబాయిలో సంస్కృతం బోధించి, 1885లో లక్నో ప్రాంతీయ మ్యూజియం బాధ్యతలు స్వీకరించిన ఆలోయిస్ ఆంటన్ ఫ్యూరర్. ఉత్తరాలతోపాటు బుద్ధధాతువులని చెప్పిన వస్తువులు కూడా లక్నో నుంచి బర్మాకు వెళ్లాయి. వాటిలో ఒక దంతం ఉంది. అది శాక్యముని దంతమని ఫ్యూరర్ ధ్రువీకరించారు. చూసినవారికి మాత్రం అది మనిషి పన్నులా తోచలేదు, గుర్రపు పన్నులా కనిపించింది. ఊ మా ఆ అనుమానాన్ని మనసులో దాచుకోకుండా పంపినవారినే అడిగారు.

ఫ్యూరర్ ఇచ్చిన సమాధానం నేటికీ చదవదగినది. బౌద్ధులు కానివారికి ఆ దంతం అనుమానాస్పదంగా కనిపించడం సహజమేనని ఆయన ఒప్పుకున్నారు. అయితే భగవానుడు సామాన్య మానవుడు కాడనీ, ఆయన ఎత్తు 18 మూరలని బౌద్ధ గ్రంథాలే చెబుతున్నాయనీ, అంతటి మహాపురుషుని దంతం అందరి దంతాలవలె ఎలా ఉంటుందనీ వాదించారు. దంతంతోపాటు తనకొక ప్రాచీన శాసనం దొరికిందనీ, అది ఉపగుప్తుని దానమని అందులో రాసి ఉందనీ, ఆ శాసనాన్ని కూడా పంపుతాననీ చేర్చారు. అంటే, అడిగినవారి శ్రద్ధనే సాక్ష్యానికి బదులుగా చూపించారు. అడిగినవారి ధర్మగ్రంథాన్నే ప్రశ్నకు అడ్డుగోడగా నిలిపారు. ఆ గోడ చాలదనిపించినప్పుడు ఒక కూటశాసనాన్ని ఆసరాగా తెచ్చుకున్నారు.

ఊ మా అంతటితో ఊరుకోలేదు. విషయాన్ని బర్మా ప్రభుత్వం దృష్టికి తీసుకువెళ్లారు. ఆ ఉత్తరాలు 1898లో భారత ప్రభుత్వ అధికారుల ముందుకు వచ్చాయి. లుంబినీ శోధకునిగా అప్పటికే యూరప్ పండిత లోకంలో పేరు పొందిన ఫ్యూరర్ ఆ ఏడాదే పదవి వదులుకోవలసి వచ్చింది.

పరిశోధన పత్రికల సంపాదకులు, రచయితలు పాటించవలసిన నీతి నియమాల గురించి నేడు విశ్వవిద్యాలయాల్లో విస్తారంగా చర్చ జరుగుతున్నది. నియమావళులు, ప్రమాణపత్రాలు, పోలికల శాతాలు వచ్చాయి. అవన్నీ అవసరమే. కాని బౌద్ధ అధ్యయనాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన రంగంలో అతిపెద్ద ప్రచురణ వంచన 125 ఏళ్ల కిందటే జరిగింది. దానిపై తొలి ప్రశ్న ఒక భిక్షువు అడిగారు. ఆ వంచన నీడ నిజమైన శాసనాలపై కూడా పడి ఇంకా పూర్తిగా తొలగలేదు. కనుక నియమాలను చదివేముందు ఈ చరిత్రను ఒకసారి తెలుసుకోవడం మంచిది.

నమ్మకం అనే గొలుసు

ఆ కాలంలో శాసన పరిశోధన సాగిన తీరును ముందు గుర్తుచేసుకోవాలి. తవ్వకం ఒకచోట జరిగేది. శాసనం మీద కాగితం అద్ది తీసిన నకలు సముద్రాలు దాటి వెళ్లేది. చదివే పండితుడు వేరొక ఖండంలో ఉండేవారు. బ్రాహ్మీ లిపి పరిశోధనలో ఆ తరానికి పెద్దదిక్కు అయిన గేయోర్గ్ బ్యూలర్ 1880 తరువాత భారతదేశం విడిచి వియన్నాలో స్థిరపడ్డారు. మథుర కంకాళీ తిల వద్ద ఫ్యూరర్ జరిపిన తవ్వకాల్లో బయటపడిన జైన శాసనాల నకళ్లు ఆయనకు చేరేవి. ఆయన వాటిని చదివి, అర్థం చెప్పి, ‘ఎపిగ్రాఫియా ఇండికా’లోనూ ఇతర పత్రికల్లోనూ ప్రకటించేవారు. ఆ శాసనాలు నిజమైనవి. వాటి వల్ల జైన సంఘ చరిత్ర ఎంతో స్పష్టమైంది.

ఇలాంటి ఏర్పాటులో తవ్వేవారి మాటే ఆధారం. రాయి ఎక్కడ దొరికింది, ఎంత లోతున దొరికింది, పక్కన ఏమున్నది అనే విషయాలను వియన్నాలోని పండితుడు తన కళ్లతో చూడలేరు. నకలును మాత్రమే పరీక్షించగలరు. ఆ మాటను నమ్మడం తప్ప బ్యూలర్‌కు వేరే దారి లేదు. ఒక శాసనం నిజమని తేలిన కొద్దీ, దానిని పంపినవారి మిగతా మాటలకు కూడా విలువ పెరుగుతూ వచ్చింది. మంచి పేరు ఇలాగే ఏర్పడుతుంది. వంచనకు చోటు దొరికేది కూడా ఇక్కడే.

నిగాలీ సాగర్: నిజమైన స్తంభం, లేని స్తూపం

నేపాల్ తరాయిలోని నిగాలీ సాగర్ అనే చెరువు గట్టున ఒక విరిగిన స్తంభం ఉన్నదని 1893లో బలరాంపూర్‌కు చెందిన మేజర్ జస్కరణ్ సింగ్ తెలియజేశారు. 1895 మార్చిలో ఫ్యూరర్ అక్కడికి వెళ్లి, ఆ స్తంభంపై అశోకుని శాసనాన్ని గుర్తించారు. పట్టాభిషేకం జరిగిన 14 ఏళ్లకు కోనాగమన బుద్ధుని స్తూపాన్ని రెండింతలు చేయించినట్టు, తరువాత స్వయంగా వచ్చి పూజించినట్టు అశోకుడు అందులో చెప్పాడు. పూర్వబుద్ధుల ఆరాధన అశోకుని కాలానికే ఉన్నదని తెలిపే ఈ శాసనం నిజమైనది, అమూల్యమైనది.

ఫ్యూరర్‌కు అది చాలలేదు. స్తంభం దొరికింది కనుక స్తూపం కూడా దొరకాలి. ఆ స్తంభానికి సమీపంలోనే కోనాగమనుని మహాస్తూపం శిథిలాలను చూశానని ఆయన రాశారు. దాని ఆకారం, వేదిక, ప్రాకారం అన్నింటినీ వర్ణించారు. తరువాత వెళ్లి చూసినవారికి అక్కడ స్తూపం కనిపించలేదు. ఆ వర్ణన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1854లో విదిశ పరిసర స్తూపాలపై ప్రకటించిన గ్రంథం నుంచి ఎత్తి రాసినదని తేలింది. మధ్యభారతంలోని స్తూపం అక్షరాల దారిలో నేపాల్ తరాయికి చేరింది.

గ్రంథచౌర్యాన్ని మనం సాధారణంగా ఒక రచయిత మరొక రచయితకు చేసే అన్యాయంగానే భావిస్తాము. ఇక్కడ కన్నింగ్‌హామ్‌కు జరిగిన నష్టం స్వల్పం. అసలు నష్టం పాఠకునికి జరిగింది. లేనిదానిని ఉన్నట్టు నమ్మించడానికి, ఉన్నదాని వర్ణన కావలసి వచ్చింది. ఎత్తిరాత, కల్పన వేర్వేరు దోషాలని నేటి నియమావళులు విడదీస్తాయి. నిగాలీ సాగర్ వద్ద అవి రెండూ ఒకే దోషానికి రెండు ముఖాలు.

లుంబిని: ఘనత ఎవరిది?

1896 డిసెంబరు 1న పడేరియా గ్రామం దగ్గర, రుమ్మిందేయి వద్ద, అశోక స్తంభం కింది భాగాన మట్టిలో పూడి ఉన్న శాసనం బయటపడింది. శాక్యముని బుద్ధుడు ఇక్కడ జన్మించాడని తెలిపే అయిదు పంక్తుల శాసనమది. తవ్వించినవారు పాల్పా గవర్నరు జనరల్ ఖడ్గ షంషేర్ రాణా. ఆ సమయానికి ఫ్యూరర్ అక్కడికి చేరారు. బ్యూలర్ ఆ పాఠాన్ని పండిత లోకానికి అందించారు.

లోకానికి తెలిసిన పేరు ఫ్యూరర్‌ది. స్థల నిర్ణయానికి దారి చూపినది తానేనని ఎల్. ఎ. వాడెల్ పత్రికల్లో వాదించారు. తవ్వించిన నేపాల్ సేనాని పేరు వెనుకబడింది. పార పట్టిన కూలీల పేర్లు ఎక్కడా లేవు. మొదటి స్తంభం వార్త తెచ్చిన జస్కరణ్ సింగ్ పేరు నిపుణులకు మాత్రమే గుర్తున్నది.

రచయిత అన్న పదానికి అర్హులెవరు అనే ప్రశ్న మన నేలమీద కూడా ఉన్నది. నాగార్జునకొండ అనగానే ఎ. హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు, శాసనాలను ప్రకటించిన ఫోగెల్ పేరు వెంటనే గుర్తుకు వస్తాయి. కాని 1926లో ఆ లోయలోని ప్రాచీన స్తంభాల సంగతి ప్రభుత్వానికి తెలియజేసినది సూరపరాజు వేంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు. అక్కడికి వెళ్లి పరిశీలించినది శాసన శాఖలో తెలుగు సహాయకునిగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి. వారి పేర్లను తలచుకోవడం కేవలం కృతజ్ఞత కాదు. ఒక వస్తువు మొదట ఎవరి కంటపడింది, అప్పుడు అది ఏ స్థితిలో ఉన్నది అనేవి సాక్ష్యంలో భాగం. మొదటి సాక్షి పేరు చెరిపేస్తే, తరువాత అనుమానం వచ్చినప్పుడు అడగడానికి ఎవరూ మిగలరు. లుంబినిలో ఖడ్గ షంషేర్ మనుషుల సమక్షంలో తవ్వకం జరిగిందన్న సంగతే, ఫ్యూరర్ పేరు పాడైన తరువాత, ఆ శాసనానికి రక్షణగా నిలిచింది.

సగర్వా, తరువాత మౌనం

1897లో ఫ్యూరర్ బుద్ధ జన్మస్థలంపై తన గ్రంథాన్ని అలహాబాదులో అచ్చువేయించారు. ఆ చలికాలంలోనే సగర్వా అనే చోట చెరువు గట్టున ఉన్న చిన్న స్తూపాలను తవ్వించారు. విడూడభుని చేతిలో హతులైన శాక్యుల స్మారకాలు ఇవేనన్నారు. అశోకునికంటె ప్రాచీనమైన లిపిలో శాక్యుల పేర్లు కరండాలపై ఉన్నాయని ప్రకటించారు. 1898 జనవరిలో విన్సెంట్ స్మిత్ అక్కడికి వెళ్లారు. ఆయన ఐ.సి.ఎస్. అధికారి, చరిత్రకారుడు. ఫ్యూరర్ చెప్పిన శాసనాలు అక్కడ లేవు. తవ్విన 17 స్తూపాలు మాత్రం నాశనమయ్యాయి. అబద్ధాన్ని సరిదిద్దవచ్చు. కాని దానికోసం తవ్విపారేసిన ఇటుకల వరుసలను తిరిగి పేర్చలేము.

అదే ఏడాది ఏప్రిల్ 8న బ్యూలర్ కాన్‌స్టన్స్ సరస్సులో మునిగి మరణించారు. ఫ్యూరర్ పదవి పోయింది. ఆయన గ్రంథాన్ని ప్రభుత్వం చలామణి నుంచి ఉపసంహరించింది. తరాయి ప్రాంతాన్ని మళ్లీ పరిశీలించడానికి 1899లో పూర్ణచంద్ర ముఖర్జీని పంపారు. ఆయన నివేదిక స్మిత్ రాసిన ముందుమాటతో 1901లో వెలువడింది. సగర్వా శాసనాలు కూటరచనలని, నిగాలీ సాగర్ స్తూపం కల్పితమని పాఠకులకు విస్పష్టంగా తెలిసినది అప్పుడే.

ఇక్కడ సంపాదకులు గమనించవలసినది ఒకటి ఉన్నది. గ్రంథాన్ని ఉపసంహరించడం ఒకటి, ఎందుకు ఉపసంహరించామో చెప్పడం మరొకటి. మొదటిది చేసి రెండవదానిని ఆలస్యం చేస్తే, పాత ప్రతి గ్రంథాలయంలో ఉంటుంది, దిద్దుబాటు వేరొకచోట ఉంటుంది. రెండింటినీ కలిపి చదివే పాఠకులు అరుదు. ఫ్యూరర్ పాత నివేదికలను ఒక్కొక్కటిగా పునఃపరీక్షించే పని 1898లో ఎవరూ తలకెత్తుకోలేదు. 1912లో హైన్రిక్ ల్యూడర్స్ లక్నో మ్యూజియంలోని బ్రాహ్మీ శాసనాలను పరిశీలిస్తూ, ప్రాచీన అహిచ్ఛత్రమైన రామ్‌నగర్‌లో దొరికాయని ఫ్యూరర్ 1890ల తొలినాళ్లలో రాసిన శాసనాల సంగతి తేల్చారు. సరిచూడటానికి వీలైన ప్రతి వివరమూ అబద్ధమేనని తేలింది. ఆ పాఠాలు మథురలో అప్పటికే తెలిసిన శాసనాలను అటూ ఇటూ మార్చి అల్లినవి. అంటే పదవి పోయిన 14 ఏళ్ల వరకు ఆ కల్పనలు పుస్తకాల్లో శాసనాలుగానే చెలామణి అయ్యాయి. అదే సంవత్సరం ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పదవ సంపుటానికి అనుబంధంగా వెలువడిన ల్యూడర్స్ బ్రాహ్మీ శాసనాల జాబితాను మనం ఈనాటికీ వాడుతున్నాము. నమ్మదగిన జాబితా కావాలంటే ఇలా జల్లెడ పట్టేవారు ఉండాలి.

నిజంపై పడిన నీడ

వంచనలో అతిపెద్ద హాని అబద్ధాన్ని నమ్మించడం కాదు. నిజాన్ని కూడా నమ్మలేని స్థితిని తేవడం. లుంబినీ శాసనం ఫ్యూరర్ చేతిమీదుగా లోకానికి తెలిసింది కనుక అది కూడా ఆయన సృష్టేనేమో అనే అనుమానం నాటి నుంచి నేటి వరకు అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉన్నది. ఆ అనుమానం నిలబడదు. ఫ్యూరర్ కల్పించిన శాసనాలు తెలిసిన పాఠాల నుంచి పుట్టాయి, తేలికగా అర్థమవుతాయి. లుంబినీ శాసనంలో గ్రామానికి పన్ను తగ్గించిన సందర్భంలోని మాటల అర్థంపై పండితులు తరాలుగా చర్చిస్తున్నారు. తనకే అర్థం తెలియని మాటను చెక్కే కూటరచయిత ఉండడు. 1997లో లుంబిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. అయినా ప్రతి తరమూ ఈ వాదాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తున్నది.

పిప్రహ్వా సంగతి ఇంకా సున్నితమైనది. 1898 జనవరిలో విలియం పెప్పే తన ఎస్టేటులోని స్తూపంలో ధాతుకరండాలను, శాసనాన్ని కనుగొన్నారు. వాటిలో కొన్ని ధాతువులను సయాం రాజు చులాలంగ్‌కార్న్‌కు సమర్పించారు. స్థలం సగర్వాకు దగ్గర, కాలం కూడా అదే. పెప్పే ఫ్యూరర్‌తో సంప్రదించారు. నిజాయితీపరుడైన ఒక ఎస్టేటు యజమాని కనుగొన్నదానిపై కూడా పొరుగున ఉన్నవారి దోషం మచ్చ వేసింది. 1970లలో కె. ఎం. శ్రీవాస్తవ అదే స్తూపంలో మరింత లోతున మరో కరండాలను, పక్కనున్న విహారంలో కపిలవస్తు భిక్షుసంఘాన్ని పేర్కొనే మట్టి ముద్రలను వెలికితీసిన తరువాతే ఆ స్తూపం ప్రాచీనతకు స్వతంత్ర సాక్ష్యం దొరికింది. అందుకు ముప్పావు శతాబ్దం పట్టింది. ఆ ధాతువులకు నమస్కరించే లక్షలాది మందికి ఇది పండితుల పేచీ మాత్రమే కాదు.

భట్టిప్రోలు: తప్పుకూ వంచనకూ భేదం

ఈ కథలోని బ్యూలర్‌ను మన ప్రాంతంలోనే మరొక సందర్భంలో చూడవచ్చు. 1892లో అలెగ్జాండర్ రీ కృష్ణా తీరాన భట్టిప్రోలు స్తూపంలో శిలాకరండాలను వెలికితీశారు. వాటిపై శాసనాల్లో కుబిరక రాజు పేరు, దాతల పేర్లు ఉన్నాయి. నకళ్లు వియన్నాకు వెళ్లాయి. బ్యూలర్ వాటిని చదివి, అశోకుని బ్రాహ్మీకంటె భిన్నమైన లిపిభేదాన్ని గుర్తించి, 1894లో ‘ఎపిగ్రాఫియా ఇండికా’ రెండవ సంపుటంలో వాటిని ప్రకటించారు. హల్లులో ఇమిడి ఉండే అకారాన్ని కూడా ఒక గీతతో సూచించే ఆ పద్ధతి లిపి చరిత్రలో విశిష్టమైనది.

ఆ లిపి అశోకుని కాలానికి చాలా దగ్గరిదని బ్యూలర్ భావించారు. తరువాతి పండితులలో చాలామంది దానిని క్రీ.పూ. 2వ శతాబ్దికి తెచ్చారు. ఆయన చదివిన కొన్ని పదాలను సవరించారు. దీనివల్ల బ్యూలర్ గౌరవం తగ్గలేదు. కరండాలు మ్యూజియంలో ఉన్నాయి, నకళ్లు అచ్చయ్యాయి, తవ్వకం నివేదిక ఉన్నది. ఎవరైనా వెళ్లి సరిచూడవచ్చు. దూరంగా ఉన్న అదే పండితుడు, అదే నమ్మకపు గొలుసు, అదే దశాబ్ది. భట్టిప్రోలులో గొలుసు తెగలేదు, తరాయిలో తెగింది. కారణం చదివినవారి ప్రతిభలో లేదు. పంపినవారి నిజాయితీలోనూ, వస్తువును పరీక్షకు అందుబాటులో ఉంచడంలోనూ ఉన్నది.

తప్పు చేయడం వేరు, వంచించడం వేరు అనే ఈ భేదాన్ని సంపాదకులు మరవరాదు. తప్పుకు దిద్దుబాటు మందు. తన పాఠాన్ని తానే సవరించుకున్న పరిశోధకుని దోషిగా చూసే వాతావరణంలో ఎవరూ సవరించుకోరు. అమరావతి విషయంలో జేమ్స్ బర్జెస్ చేసినది ఇందుకు మంచి ఉదాహరణ. 1880లో మద్రాసు ప్రభుత్వం ఆ స్తూపస్థలాన్ని తొందరపాటుగా తవ్వించింది. శిల్పాలు ఏ స్థానంలో ఉండేవో తెలిపే ఆధారం చాలావరకు పోయింది. తరువాత వచ్చిన బర్జెస్ అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలపై 1887లో ప్రకటించిన గ్రంథంలో ఆ నష్టాన్ని కప్పిపుచ్చలేదు. పోయినదానిని ఊహతో పూరించే అవకాశం ఆయనకు ఉన్నది. ఖాళీని ఖాళీగానే వదలడం వల్ల ఆ గ్రంథం నేటికీ ఉపయోగపడుతున్నది.

సంఘం ఎరిగిన పద్ధతులు

ఈ విలువలను మనం బయటి నుంచి అరువు తెచ్చుకోనక్కరలేదు. అదత్తాన్ని గ్రహించడం, తనకు లేని లోకోత్తర స్థితిని ఉన్నట్టు చెప్పుకోవడం వినయంలో పారాజిక దోషాలు. తెలిసి అబద్ధమాడడం పాచిత్తియాలలో మొదటిది. ఎత్తిరాతకు, కల్పనకు ఇంతకంటె పాత నిషేధం ఏముంటుంది?

దోషాన్ని నిషేధించడంతోనే సంఘం ఆగలేదు. దానిని కనిపెట్టే పద్ధతులను కూడా ఏర్పరచింది. మహాపరినిబ్బాన సుత్తంలో, భోగనగరం వద్ద, నాలుగు మహాపదేశాల ఉపదేశం ఉన్నది. ఒక భిక్షువు తాను భగవానుని నోటి నుంచే విన్నానని చెప్పవచ్చు. స్థవిరులున్న సంఘం నుంచి విన్నానని, బహుశ్రుతులైన పలువురు స్థవిరుల నుంచి విన్నానని, లేదా ఒక స్థవిరుని నుంచి విన్నానని చెప్పవచ్చు. ఏది చెప్పినా వెంటనే అభినందించరాదు, వెంటనే తిరస్కరించరాదు. ఆ పదాలను చక్కగా గ్రహించి, సుత్తంతోను వినయంతోను సరిపోల్చాలి. చెప్పినవారి హోదా ఆ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. రాతప్రతి చేతికి వచ్చినప్పుడు సంపాదకుడు, సమీక్షకుడు చేయవలసిన పనికి ఇంతకంటె మేలైన నిర్వచనం నాకు కనిపించదు. 1890లలో ఫ్యూరర్ నివేదికలు అందుకున్నవారు ఈ రెండు మాటలలో మొదటిదానిని మరిచారు: వెంటనే అభినందించారు. 1898 తరువాత లుంబినిని అనుమానించినవారు రెండవదానిని మరిచారు: వెంటనే తిరస్కరించారు.

వర్షావాసం చివర జరిగే పవారణను కూడా తలచుకోవాలి. చూసినది గాని, విన్నది గాని, అనుమానించినది గాని నాలో దోషమేదైనా ఉంటే చెప్పండని ప్రతి భిక్షువూ సంఘాన్ని కోరతాడు. స్థవిరుడు కూడా ఈ కోరికకు అతీతుడు కాడు. అనుమానాన్ని సైతం చెప్పనివ్వడం ఇందులోని విశేషం. ఊ మా దగ్గర రుజువు లేదు, అనుమానమే ఉన్నది. అనుమానాన్ని అడిగే హక్కు కొత్తవారికి కూడా ఉన్న సంప్రదాయంలో ఆయన పెరిగారు. జవాబిచ్చిన అధికారి దానిని అవిశ్వాసంగా చిత్రించారు.

నేటి నియమాలు, వాటి హద్దులు

1997లో బ్రిటన్‌లో వైద్య పత్రికల సంపాదకులు కొందరు కలిసి ఏర్పరచుకున్న ప్రచురణ నీతి సంఘం నేడు అన్ని రంగాల పత్రికలకు మార్గదర్శకాలు ఇస్తున్నది. ఉపసంహరించిన వ్యాసం కనబడకుండా పోరాదని, అది ఉపసంహృతమైనదని, కారణమేమిటో పాఠకులకు స్పష్టంగా తెలియాలని ఆ మార్గదర్శకాలు కోరతాయి. 1898లో లోపించినది ఇదే.

మన దేశంలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2018లో విద్యా నిజాయితీపై నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం వరకు ఉంటే చర్య లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60కి పైన అని మూడు అంచెలుగా దోషాన్ని లెక్కించి చర్యలు నిర్ణయించింది. ఈ కొలబద్ద నిగాలీ సాగర్ స్తూపవర్ణనను పట్టుకునేది. సగర్వా కరండాలపై శాసనాలను మాత్రం పట్టుకునేది కాదు. ఎందుకంటే ఆ పాఠం అంతకుముందు ఎక్కడా లేదు. కంప్యూటరు దృష్టిలో పూర్తి కల్పన అంటే పూర్తి మౌలిక రచన! ఎత్తిరాత శాతం సున్నా అని వచ్చిన పత్రం చూసి నిశ్చింతగా ఉండే సంపాదకుడు తన బాధ్యతలో చిన్న భాగాన్నే నెరవేర్చినట్టు.

కనుక మన రంగానికి సంబంధించి మరికొన్ని ప్రశ్నలు వేయవలసి ఉన్నది. శాసనాన్ని గాని శిల్పాన్ని గాని ప్రకటించే రచయిత అది ఎక్కడ, ఎప్పుడు, ఎవరి కంట మొదట పడిందో, ఇప్పుడు ఎక్కడ ఉన్నదో చెప్పాలి. నకలును లేదా ఛాయాచిత్రాన్ని పాఠంతోపాటు ఇవ్వాలి. స్పష్టంగా చదివిన అక్షరాన్ని, ఊహించిన అక్షరాన్ని వేరువేరుగా చూపాలి. వస్తువును తాను చూడకుండా ఇతరుల ఛాయాచిత్రం ఆధారంగా రాస్తే ఆ మాట దాచరాదు. దారి చూపిన గ్రామస్థుని, పూజారిని, ఉపాధ్యాయుని పేరు వారి అనుమతితో పేర్కొనాలి. ఊరు పేరు లేని వస్తువు అంగడిలో కనిపించినప్పుడు, దానిని ప్రకటించడమంటే దాని ధర పెంచడమని గ్రహించాలి.

సంపాదకుని వైపు నుంచి చూస్తే, పరిచయమున్న రచయితకూ అపరిచితునికీ ఒకే పరీక్ష ఉండాలి. సంపాదకుడు తన సంస్థలోని వారి వ్యాసాన్ని తానే నిర్ణయించక బయటివారికి అప్పగించాలి. దిద్దుబాటు వచ్చినప్పుడు దానిని మొదటి వ్యాసానికి ఇచ్చినంత కనబడే చోటనే ప్రకటించాలి. దోషి పేరుతో సరిపెట్టక, ఆయన రాసిన మిగతా వ్యాసాలను కూడా పరీక్షించి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో విడమరచి చెప్పాలి. ఆ పని జరగకపోతే అబద్ధమూ బతుకుతుంది, నిజమూ నలుగుతుంది. పట్టా లేని పాఠకుడు, భిక్షువు, యాత్రికుడు రాసిన ప్రశ్నకు కూడా జవాబు ఇవ్వాలి.

ఊ మా పేరు శాసన గ్రంథాల సూచికల్లో తరచుగా కనిపించదు. ఆయన ఏ శాసనాన్నీ చదవలేదు, ఏ స్తూపాన్నీ తవ్వలేదు. పూజకోసం వచ్చిన దంతాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. అది దంతంలా లేదని గమనించారు. ఆ సంగతి చెప్పారు. బుద్ధధాతువుపై గౌరవం ఉన్నందువల్లనే ఆయన గుర్రపు పన్నును ధాతువుగా అంగీకరించలేదు. ప్రశ్నించడం శ్రద్ధకు విరోధమని ఫ్యూరర్ ఆయనను నమ్మించబోయారు. ఆయన నమ్మి ఉంటే ఆ పన్ను ఏదో ఒక చైత్యంలో ఈనాటికీ పూజలందుకుంటూ ఉండేది. దానిపక్కనే ఉపగుప్తుని పేరుతో ఒక కూటశాసనం మన జాబితాల్లో చేరి ఉండేది.